ఈజిప్టు సీవా ఒయాసిస్: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

రైలుకిటికీ (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో ఈజిప్టు వెళ్తున్నాం. నేను, మా ఆయన, మా అత్తగారు. పిరమిడ్లు, లక్సర్ వరకు టూర్ వాళ్లే చూసుకుంటారు. ఆ తర్వాత అయిదు రోజులు మా ఇష్టం. మా ఆయన ఎర్రసముద్రం అంటున్నారు. నా మనసేమో సీవా మీద పడింది. లిబియా సరిహద్దు దగ్గర, ఎడారి మధ్యలో ఉన్న ఊరు. ఫోన్ తెరిస్తే చాలు, తెల్లటి ఉప్పుగట్ల మధ్య నీలం నీళ్లలో జనం తేలుతున్న వీడియోలే.

అంత దూరం వెళ్లడం దండగేమో అని ఒకపక్క భయం. అరవై దాటిన మనిషి తట్టుకోగలరా? మా అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. అసలు ఆ ఉప్పు గుంటలు తప్ప అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా?

గల్ఫ్‌తమ్ముడు (కువైట్)
అక్కా, పైసలు ఖర్చు పెట్టుకుని ఇసుక చూడనీకి పోతున్నవా? మేము ఇక్కడ రోజూ ఫ్రీగా తింటున్నం. బావ మాట విను, సముద్రం మంచిది.

నైలుగట్టు (కైరో)
తమ్ముడి మాట పక్కన పెట్టండి. నేను కైరోలో ఉద్యోగం చేస్తున్నాను, సీవా ఎండాకాలంలోనూ చూశాను, చలికాలంలోనూ చూశాను. డిసెంబరు సరైన సమయం. పగలు స్వెటర్ కూడా అక్కర్లేదు గానీ రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. చాలా గదుల్లో హీటర్ ఉండదు. అత్తగారికి శాలువా, మందపాటి సాక్సులు మర్చిపోకండి.

దూరం విషయం. కైరో నుంచి మధ్యధరా సముద్ర తీరానికి వెళ్లి, మెర్సా మత్రూహ్ అనే ఊరి దగ్గర దక్షిణానికి తిరగాలి. అక్కడి నుంచి సీవాకు ఇంకో 300 కి.మీ. మొత్తం కలిపి దాదాపు 750 కి.మీ. రాత్రి బస్సు ఎక్కితే పొద్దుటికి దింపుతుంది. అయితే దారిలో చెక్‌పోస్టులు చాలా. నిద్రలో లేపి పాస్‌పోర్టు అడుగుతారు, మళ్లీ కళ్లు మూతపడే లోపు ఇంకోటి వస్తుంది. పెద్దావిడతో బస్సు వద్దు. డ్రైవర్‌తో కారు మాట్లాడుకుని, మత్రూహ్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు పగలు బయల్దేరండి. రావడానికి, పోవడానికి రెండేసి రోజులు పోతే చూడ్డానికి ఏమీ మిగలదు కాబట్టి, తిరుగు ప్రయాణం మాత్రం తెల్లవారుజామునే బయల్దేరి ఒక్క దెబ్బలో చేసేయండి.

ఆ 300 కి.మీ. చదునుగా, బోసిగా ఉంటుంది. ఒక చెట్టు కనబడదు. చివర్లో రోడ్డు గబుక్కున పల్లానికి దిగుతుంది, అక్కడ మొదలవుతాయి ఖర్జూరం తోటలు. మెలకువగా ఉండండి, అదొక్కటీ నిద్రలో పోగొట్టుకోకూడదు.

ఆవకాయజాడీ (విజయవాడ)
తిండి సంగతి నేను చెప్తానమ్మా. ఈజిప్టులో శాకాహారికి ఇబ్బంది లేదు, మనవాళ్లు ఊరికే టెన్షన్ పడతారు. కొషరీ అని ఉంటుంది. అన్నం, పప్పుధాన్యాలు, మకరోనీ, శనగలు కలిపి పైన టమాటా సాస్, వేయించిన ఉల్లిపాయలు వేసిస్తారు. బజ్జీల్లాగా తామెయా, మెత్తగా ఉడికించిన బాకలా గింజల కూర ఫూల్, రొట్టె. పొద్దున పూట అదే వాళ్లకు టిఫిన్. పప్పు సూపు కూడా దొరుకుతుంది గానీ అందులో కోడి పులుసు కలిపారా అని ప్రతిచోటా అడగండి. ములూఖియా ఆకుకూరే కదా అని నమ్మొద్దు, మామూలుగా దాన్ని మాంసం పులుసులోనే వండుతారు.

సీవాలో ఖర్జూరాలు, ఆలివ్‌లు మాత్రం కడుపు నిండా తినండి. ఊరి బతుకే ఆ రెండు చెట్ల మీద. ఒక చిన్న ఆవకాయ సీసా పెట్టుకెళ్తే ఆ రొట్టెలోకి అదిరిపోతుంది.

పాతనాణెం (రాజమహేంద్రవరం)
“ఉప్పు గుంటలు తప్ప ఏమైనా ఉందా” అన్నారు. అమ్మా, అలెగ్జాండరు అంతటివాడు పని మానుకుని వెళ్లిన ఊరండీ అది!

క్రీ.పూ. 331. ఈజిప్టు చేతికొచ్చింది, పారశీక చక్రవర్తి డరయస్‌తో అసలు యుద్ధం ఇంకా మిగిలే ఉంది. అలాంటప్పుడు తీరం వెంట వెళ్లి, మత్రూహ్ వైపు నుంచే ఎడారిలోకి దిగి సీవాకు వెళ్లాడు. అక్కడ అమూన్ దేవుడి గుడి ఉంది, అక్కడ ప్రశ్న అడిగితే దేవుడు జవాబు చెప్తాడని గ్రీసు దాకా పేరు. దారి తప్పితే కాకులు దారి చూపించాయని ఆనాటివాళ్లు రాసుకున్నారు. లోపల ఏం అడిగాడో, ఏం చెప్పారో అతను బయటపెట్టలేదు. దేవుడి కొడుకుగా పూజారి పలకరించాడని మాత్రం ప్రచారమైంది. అతను పోయాక వేసిన నాణేల మీద తల పక్కన పొట్టేలు కొమ్ములుంటాయి, అవి ఈ అమూన్‌వే. పురుషోత్తముడితో జీలం ఒడ్డున యుద్ధం జరిగింది దీని తర్వాత అయిదేళ్లకు, 326లో.

ఆ గుడి ఇప్పటికీ ఉంది, అఘూర్మీ అనే చిన్న గుట్ట మీద. వైభవం ఊహించుకుని వెళ్తే నిరాశే. లక్సర్‌లోని కర్నాక్ గుడి చూసిన కళ్లకు ఇది మరీ చిన్నది. నాలుగు గోడలు, రాతి గుమ్మాలు. కానీ పైకెక్కి చుట్టూ చూస్తే తోటలు, రెండు పక్కలా చెరువులు, వాటి వెనక ఇసుక, అంతా ఒకేసారి కనిపిస్తుంది. కింద కొద్ది దూరంలో ఇంకో అమూన్ గుడి ఉండేది, ఉమ్ ఉబైదా. 19వ శతాబ్దం చివర్లో ఒక ఒట్టోమన్ అధికారి ఇల్లు కట్టుకోడానికి రాయి కావాలని దాన్ని మందుగుండుతో పేల్చేశాడు. ఒక్క గోడ మిగిలింది, దాని నిండా శిల్పాలు. రాయి ఎక్కడ దొరకదో అక్కడే ఇలాంటి బుద్ధి పుడుతుంది కాబోలు.

ఊరి అంచునే మృతుల గుట్ట, జెబెల్ అల్ మౌతా. కొండంతా గుహ సమాధులు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ విమానాలు బాంబులేస్తే జనం ఈ గుహల్లోకి పారిపోయి తలదాచుకున్నారు. అప్పుడే కొన్ని కొత్త సమాధులు బయటపడ్డాయి. వాటిలో సీ అమూన్ అనే ఆసామిది తప్పక చూడాలి. రంగులు ఇంకా ఉన్నాయి. మనిషికి గ్రీకువాళ్లలా గడ్డం, చుట్టూ ఈజిప్టు దేవతలు.

రైలుకిటికీ
పాతనాణెం గారూ, ఇది చదివి మా ఆయన “సరే చూద్దాం” అనే దాకా వచ్చారు. థాంక్స్ అండీ. మా అత్తగారు ఆ గుట్ట ఎక్కగలరా?

పాతనాణెం
అఘూర్మీ నెమ్మదిగా ఎక్కొచ్చు, మెట్ల దారి ఉంది. మృతుల గుట్ట కూడా పెద్ద ఎత్తేమీ కాదు. సమాధుల్లోకి మాత్రం వంగి దూరాలి. నడుం నొప్పి ఉంటే ఆవిణ్ణి నీడలో కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్లండి.

ఇటుకసున్నం (బెంగళూరు)
గుళ్లు, సమాధులు సరే. షాలీ గురించి ఎవరూ రాయలేదేం? ఊరి నడిబొడ్డునే ఉంటుంది. నేను ఆర్కిటెక్ట్‌ని, అది చూడ్డానికే వెళ్లాను.

షాలీ అంటే పాత కోట ఊరు. సీవా వాళ్లు దాచుకున్న రాతప్రతి ప్రకారం 1203లో కట్టారు. దోపిడీ దండుల భయంతో ఇళ్లన్నీ గుట్ట మీద ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. కట్టిందేమో ఉప్పుతో. చెరువు ఒడ్డున గట్టిపడిన ఉప్పు, మట్టి కలిసిన పెళ్లలను కొట్టి తెచ్చి, తడి మట్టితో అతికిస్తారు. దాన్ని కెర్షెఫ్ అంటారు. ఆరేకొద్దీ ఆ ఉప్పు గడ్డకట్టి గోడంతా ఒకే ముద్ద అయిపోతుంది. పైకప్పుకు ఖర్జూరపు దుంగలు, తలుపులకు ఆలివ్ చెక్క. గోడకు చెయ్యి ఆనించి తీస్తే అరచేతికి సన్నటి ఉప్పు రవ్వలు అంటుకుంటాయి. ఎండపడితే అక్కడక్కడా గోడే తళుక్కుమంటుంది. మధ్యాహ్నం బయట మాడుతుంటే లోపల చల్లగా ఉంటుంది.

ఉప్పు గోడకు శత్రువు ఎవరో చెప్పక్కర్లేదు. ఏడాదంతా చూసినా చినుకు పడని చోట 1926లో మూడు రోజులు ఏకధాటిగా వాన పడింది. ఇళ్లు కరిగి జారిపోయాయి. జనం కిందికి దిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు మీకు కనిపించేది ఆ కరిగిన ఊరే. యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొంత భాగం బాగుచేసి 2020లో తెరిచారు. ఆ పనికి మళ్లీ కెర్షెఫ్ కట్టడం వచ్చిన ముసలి మేస్త్రీలను వెతకాల్సి వచ్చింది. ఊళ్లో ఇప్పుడు ఎటు చూసినా తెల్ల సున్నపురాయి బ్లాకులు, సిమెంటు. వేసవిలో ఆ ఇళ్లలో ఉడికిపోతున్నారు. అయినా వాన భయం లేదు కదా అంటారు వాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి మనమెవరం, మన పెంకుటిళ్లు ఏమయ్యాయి?

గల్ఫ్‌తమ్ముడు
ఉప్పుతోటి ఇల్లా! ఆవులు, మేకలు గోడలు నాకెయ్యవా అన్నా?

ఇటుకసున్నం
నాకుతాయో లేదో నేను చూడలేదు తమ్ముడూ. అక్కడ గాడిదలే ఎక్కువ, వాటినే అడగాలి. ఇప్పుడు గాడిద బండ్లూ తగ్గాయి. ఊళ్లోకి మన బజాజ్ ఆటోలు దిగాయి. తుక్‌తుక్ అంటారు.

కాలవగట్టు (అవనిగడ్డ)
పెద్దలు అన్నీ చెప్పారు. ఆ ఉప్పు గుంటల గురించి నేను రెండు ముక్కలు రాస్తాను. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. మా అబ్బాయి కైరో తీసుకెళ్తే అక్కడి దాకా వెళ్లాం. అందరూ నీళ్లలో తేలుతుంటే నేను మురుగుకాలవలు చూస్తూ తిరిగాను. మా ఆవిడ నవ్వింది.

సీవా సముద్ర మట్టానికి 18 మీటర్లు కిందుంది. గిన్నె అడుగు అనుకోండి. ఆ అడుగున, భూమిలో చాలా లోతున, నూబియన్ ఇసుకరాయి పొరలో మంచినీళ్లున్నాయి. ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ నాలుగు దేశాల కింద పరుచుకున్న నీరది. సహారాలో వానలు కురిసిన రోజుల్లో, వేల ఏళ్ల కిందట ఇంకింది. ఇప్పుడు తోడితే తరుగుతుంది, మళ్లీ నిండదు. పై సున్నపురాయి పొరలో ఇంకో నీరుంది, అది కాస్త ఉప్పన. ఒత్తిడి వల్ల రెండూ తమంతట తామే పైకి ఎగదన్నుతాయి. మోటారు అక్కర్లేదు.

పాత రోజుల్లో ఊటబావులు కొన్నే, నీళ్లు వంతులవారీగా పంచుకునేవారు. తర్వాత బోర్లు పెరిగాయి. చాలావాటికి మూత లేదు, వాల్వు లేదు, రాత్రింబగళ్లు పారుతూనే ఉండేవి. తోట తాగగా మిగిలిన నీరు ఎక్కడికి పోవాలి? మనకైతే డ్రెయిను తవ్వితే చివరికి సముద్రంలో కలుస్తుంది. గిన్నె అడుగు నుంచి ఎటు పారుతుంది? చెరువుల్లో చేరుతుంది, ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. చెరువులు పెరిగి తోటల మీదికి వచ్చాయి. వేళ్ల దాకా ఉప్పునీరు లేచి ఖర్జూరం చెట్లు నిలువునా ఎండాయి. తలల్లేని మానులు చెరువు అంచున ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, చూడండి. నేలేమో అచ్చం మన చౌడు. కాలువ నీళ్లొచ్చిన కొత్తలో ఎడాపెడా నీళ్లు పెట్టి భూములు పాడుచేసుకున్న రైతులను నా సర్వీసులో బోలెడుమందిని చూశాను. ఎడారి మధ్యలో నీళ్లెక్కువై ఊరు చెడుతోందంటే మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

మీరు వీడియోలో చూసిన నీలం గుంటలు ప్రకృతి చెక్కినవి కావు. ఉప్పు కోసం యంత్రాలతో పొడుగ్గా కోసి తీసిన గోతులు. ఆ ఉప్పు చలిదేశాల రోడ్ల మీద మంచు కరిగించడానికి ఎగుమతి అవుతుంది.

రైలుకిటికీ
అయ్యో. అంటే వెళ్లొద్దంటారా బాబాయ్ గారూ?

కాలవగట్టు
వద్దనలేదమ్మా, శుభ్రంగా వెళ్లండి. నేనూ చివరికి దిగాను. ప్రభుత్వం కూడా ఊరికే కూర్చోలేదు, చాలా బోర్లు మూయించింది, మురుగునీటిని ఎత్తిపోసి దూరంగా ఎడారిలోని ఇంకో పల్లానికి పంపే కాలవ తవ్వించింది. ఎంత బాగా పనిచేస్తుందో కొన్నేళ్లు పోతే తెలుస్తుంది. వీడియో తీసేటప్పుడు కెమెరా ఓసారి ఆ ఎండిన చెట్ల వైపు కూడా తిప్పమంటున్నాను, అంతే.

ఇసుకతిన్నె (దుబాయ్)
బాబాయ్ గారి పోస్టు సేవ్ చేసుకున్నా. కానీ ఒక్క మాట. ఆ టూరిజం డబ్బే ఇప్పుడు ఆ ఊరి కుర్రాళ్లకు పని ఇస్తోంది. ఉప్పు గుంట దగ్గర టీ అమ్మేవాడికి చౌడు గురించి చెప్తే ఏం లాభం?

కాలవగట్టు
వాడికి చెప్పక్కర్లేదు నాయనా, వాళ్ల నాన్న తోట పోబట్టే వాడు టీ అమ్ముతున్నాడేమో కనుక్కో.

ఇసుకతిన్నె
ఒప్పుకున్నాను సార్ 🙏

సరే, దిగేవాళ్లకు జాగ్రత్తలు. ముందు రోజు షేవింగ్, వ్యాక్సింగ్ వద్దు. చిన్న గీత ఉన్నా ప్రాణం పోయినట్టుంటుంది. కళ్లలో చుక్క పడకూడదు. పక్కన మంచినీళ్ల సీసా పెట్టుకోండి. గట్టు అంచున ఉప్పు పలుకులు పదునుగా ఉంటాయి, చెప్పులతోనే దిగండి. మునగరు, నిజమే, కానీ బోర్లా తిరిగితే మళ్లీ వెల్లకిలా తిరగడం కష్టం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయటికొచ్చాక ఒళ్లు ఆరితే తెల్లగా పూత కట్టేస్తుంది. తిన్నగా ఏదైనా ఊటబావికి వెళ్లి కడుక్కోండి.

క్లియోపాత్రా స్నానఘట్టం అని ఒకటి ప్రసిద్ధి. పేరుకే క్లియోపాత్రా. గుండ్రటి రాతి కొలను, అడుగు నుంచి బుడగలు లేస్తూనే ఉంటాయి. చుట్టూ కాఫీ కొట్లు. ఊరు సంప్రదాయమైనది, ఆడవాళ్లు ఒళ్లంతా కప్పే బట్టలతోనే దిగాలి. మీరు చుడీదార్‌తో దిగితే ఎవరూ వింతగా చూడరు. స్థానిక స్త్రీలు బయటికొస్తే ముఖం కూడా కప్పుకుంటారు, వాళ్ల ఫోటోలు తీయకండి. ఊళ్లో మందు అమ్మరు, అడిగి పరువు తీసుకోవద్దు. సీవా వాళ్లు అరబ్బులు కారు, అమాజీగ్ (బెర్బర్) అనే ఉత్తర ఆఫ్రికా జాతి. ఇంట్లో మాట్లాడేది సీవీ భాష, బయటివాళ్లతో అరబిక్.

రైలుకిటికీ
ఇసుక సముద్రం సఫారీ కూడా అందరూ చేస్తారంటున్నారు. సేఫేనా?

ఇసుకతిన్నె
అసలు సీవాలో నాకు నచ్చింది అదే. ఊరి దక్షిణాన మొదలవుతుంది గ్రేట్ శాండ్ సీ. 72,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రంలో మూడింట రెండొంతులు అనుకోండి, అంతా ఇసుకే. దుబాయ్‌లో డెజర్ట్ సఫారీ చేశాను కదా, ఇదీ అంతే అనుకున్నవాళ్లు అక్కడ నోరు తెరుస్తారు. కరెంటు తీగ ఉండదు, ఇంకో బండి కనబడదు.

ఊరు దాటగానే డ్రైవర్ దిగి నాలుగు టైర్లలో గాలి సగానికి పైగా తీసేస్తాడు. పంక్చర్ అయిందేమో అని కంగారు పడకండి. అలా అయితేనే టైరు వెడల్పై ఇసుకలో దిగబడదు. తర్వాత బీర్ వాహెద్ అని చోటుంది. వేడినీళ్ల ఊట, చుట్టూ రెల్లు. చమురు కోసం తవ్వితే నీళ్లు పడ్డాయని చెప్తారు. ఇసుక గుట్టల మధ్య గొంతు దాకా వేడినీళ్లలో కూర్చుంటే, బయట గాలి చల్లగా కోస్తుంటుంది. ఇంకో చోట నేలంతా గవ్వలు, శిలాజాలు. ఒకప్పుడు నిజంగానే అక్కడ సముద్రం. జేబులో వేసుకోబుద్ధవుతుంది, వేసుకోకండి. సూర్యాస్తమయానికి గుట్ట మీద బొగ్గుల నిప్పు మీద టీ కాచి ఇస్తారు. చక్కెర మన పానకం లెవెల్లో వేస్తారు, ముందే చెప్పి తగ్గించుకోండి.

ఇబ్బంది ఒక్కటే. కుర్ర డ్రైవర్లు విదేశీయులను చూస్తే గుట్టల మీద నుంచి బండిని నిటారుగా దింపి అరిపిస్తారు. మా బండిలో సీటు బెల్టు పనిచేయలేదు. వద్దంటే ఇంకా జోరు పెంచాడు. నేను దిగి ముందు సీటులోకి వెళ్లి కూర్చున్నాక గానీ తగ్గలేదు. అత్తగారితో వెళ్తున్నారు కాబట్టి బేరం చేసేటప్పుడే “బిష్వేష్” అనండి, నెమ్మదిగా అని అర్థం. బెల్టులు చూసుకునే డబ్బివ్వండి.

నైలుగట్టు
సఫారీకి సైన్యం పర్మిట్ తప్పనిసరి. హోటల్ వాళ్లో, సఫారీ వాళ్లో తీసుకుంటారు. పాస్‌పోర్టు కాపీలు ముందు రోజే ఇవ్వండి. ఎవడైనా పర్మిట్ లేకుండానే తీసుకెళ్తా, తక్కువకే వస్తా అంటే దండం పెట్టేయండి. 2015 సెప్టెంబరులో పశ్చిమ ఎడారిలో ఉగ్రవాదులనుకుని భద్రతా దళాలు పర్యాటకుల బండ్ల మీద పొరపాటున కాల్పులు జరిపాయి. మెక్సికో యాత్రికులు ఎనిమిది మంది చనిపోయారు. అప్పటి నుంచి పట్టు బిగించారు. బహరియా అనే ఇంకో ఒయాసిస్ నుంచి ఎడారి గుండా సీవాకు అడ్డదారి ఉందని మ్యాపులో కనిపిస్తుంది, అటువైపు ఆశపడకండి. మత్రూహ్ దారే దారి.

డబ్బు చేతిలో ఉంచుకోండి. ఏటీఎంలు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుంటే కష్టం. కార్డులు చాలాచోట్ల తీసుకోరు.

రైలుకిటికీ
మా ఆయన పక్కన కూర్చుని డ్రోన్ తెచ్చుకోవచ్చా అని అడగమంటున్నారు. చూశారా, ఇప్పుడు ఎర్రసముద్రం ఊసే లేదు.

నైలుగట్టు
వద్దు. ముందస్తు అనుమతి లేకుండా డ్రోన్ దేశంలోకి తేవడమే నేరం, కైరో ఎయిర్‌పోర్టులోనే లాగేసుకుంటారు. సీవా అసలే సరిహద్దు ప్రాంతం, దొరికితే ప్రశ్నలు వేరేగా ఉంటాయి. బైనాక్యులర్స్ కూడా ఇంట్లోనే పెట్టి రమ్మనండి.

గల్ఫ్‌తమ్ముడు
బావా, ఆ డ్రోన్ బరువుల ఆవకాయ ఇంకో సీసా పట్టు. అక్కా, ఫిబ్రవరిల నాకు లీవ్ ఉంది. కారు డ్రైవర్ నంబర్ ఎవరిదన్న మంచిదైతే మెసేజ్ చెయ్యి, నేనూ పోయొస్త.